చిగుళ్ల సర్జరీకి లూప్స్ నిజంగా అవసరమా? కొంటే ఏవి కొనాలి?

శ్రీకాకుళం నుంచి ఒక యువ డాక్టర్ గారు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా: "పెరియోలో (చిగుళ్ల వైద్యంలో) ఎండీఎస్ చేసి సొంత క్లినిక్ పెట్టాను. ఇప్పటిదాకా చిగుళ్ల సర్జరీలన్నీ మామూలు కళ్లతోనే చేశాను. లూప్స్ (కళ్లజోడుకి బిగించే భూతద్దాలు) కొనమని స్నేహితులు అంటున్నారు, అదంతా ఫొటోల కోసం షో అని మా సీనియర్ అంటున్నారు. ఫలితంలో తేడా ఉంటుందా? ఎన్ని రెట్లవి తీసుకోవాలి? మైక్రోస్కోప్ లేకపోతే అది మైక్రోసర్జరీ కాదా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. కొనండి. 2.5 నుంచి 3.5 రెట్ల మధ్య లూప్స్, దానికి తోడు హెడ్‌లైట్. మైక్రోస్కోప్ ఇప్పుడే వద్దు. అయితే ఒక షరతు. లూప్స్ వచ్చిన రోజే మీ ట్రేలోని 3-0 సిల్క్ దారం (ఈ అంకె పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది), ఆ లావుపాటి నీడిల్ హోల్డర్ పక్కకి వెళ్లిపోవాలి. ఆ ఖర్చుకి సిద్ధంగా లేకపోతే లూప్స్ కూడా కొనకండి, మీ సీనియర్ గారి మాటే నిజమవుతుంది. కళ్లకు మూడు రెట్లు పెద్దగా చూపించి, చేతికి మాత్రం పాత సూదీ దారమే ఇస్తే పన్లో ఏమీ మారదు. కుట్టు ఎంత వంకరగా పడిందో బాగా కనిపిస్తుంది, అంతే.

నేను విజయనగరంలో చాలా ఏళ్లుగా చిగుళ్ల పనే చేస్తున్నాను. బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచీ, అటు రాజాం, పాలకొండ నుంచీ పేషెంట్లు వస్తారు. కాబట్టి మెట్రో నగరాల లెక్కలు కాకుండా మన వైపు పనికొచ్చే లెక్కే చెబుతాను.

తేడా ఎక్కడ వస్తుంది

మామూలు కన్ను విడివిడిగా గుర్తుపట్టగలిగే దూరం సుమారు 0.2 మిల్లీమీటర్లు. అంతకంటే దగ్గరగా ఉన్న రెండు గీతలు ఒక్కటిగానే కనిపిస్తాయి. దగ్గరికి వంగి చూస్తే పెద్దగా కనిపిస్తుంది కదా అంటారా, వంగినన్నాళ్లూ మెడ ఊరుకోదు, పైగా నలభై దాటాక దగ్గరి చూపు మనల్ని అడక్కుండానే తగ్గిపోతుంది. చిగుళ్ల సర్జరీలో ఈ లోటు ముఖ్యంగా రెండు చోట్ల దెబ్బ కొడుతుంది: వేరు మీద, గాయం అంచు మీద.

వేరు సంగతి చూద్దాం. మోలార్ పళ్ల వేర్లు చీలే చోటు, అదే ఫర్కేషన్, దాని ద్వారం ఎంత ఇరుకో బోవర్ అనే ఆయన 1979లోనే కొలిచి చూపించారు. 81 శాతం పళ్లలో ఆ ద్వారం ఒక మిల్లీమీటరు, అంతకంటే తక్కువ. సగానికి పైగా పళ్లలో ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు. గార గీకడానికి మనం వాడే క్యూరెట్ మొన వెడల్పు ముప్పావు నుంచి 1.1 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంటే చాలా పళ్లలో క్యూరెట్ లోపలికి దూరనే దూరదు. ఫ్లాప్ ఎత్తాం, అంటే చిగురును కోసి పైకి లేపాం, గీకాం, గరగర శబ్దం ఆగింది, శుభ్రమైంది అనుకుంటాం. లూప్స్ పెట్టుకుని, హెడ్‌లైట్ సూటిగా పడేలా చూస్తే ఆ చీలిక పైకప్పులో నల్లటి గార గీతలా మిగిలి కనిపిస్తుంది. అప్పుడు సన్నటి అల్ట్రాసోనిక్ టిప్ తీసుకోవాలన్న ఆలోచన వస్తుంది. కనిపించకపోతే ఆ ఆలోచనే రాదు.

ఇంకొకటి, పై దవడలో కోరపన్నుకు ముందుండే చిన్న పన్ను, లాటరల్ ఇన్సైజర్. ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చేసరికి ఆ పంటి వెనక చిగురులోంచి తరచూ చీము వస్తోంది. రెండు మూడు చోట్ల యాంటీబయాటిక్ కోర్సులు వాడాడు, ఒకసారి రూట్ కెనాల్ కూడా అయింది. వాడినన్నాళ్లు తగ్గడం, మళ్లీ మొదలు. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదు. ఫ్లాప్ ఎత్తి లూప్స్‌తో చూస్తే పంటి వెనక నుంచి వేరు మీదికి సన్నటి గాడి ఒకటి జారుతూ పోయింది. పుట్టుకతో వచ్చే పాలటోజింజైవల్ గ్రూవ్ అది. దారం మందం కూడా లేదు. దాన్ని నునుపు చేసి, పూడ్చి, కుట్టాను. చీము ఆగింది. ఆ గాడి వేరు కొసదాకా పోయి ఉంటే పన్ను నిలిచేది కాదు, అది వేరే విషయం. నేను చెప్పేదేమిటంటే ప్రోబ్ (చిగురు లోతు కొలిచే సన్నటి పుల్ల) తగిలినా 'ఏదో గరుగ్గా ఉంది' అని వదిలేసే చోట, కంటికి కనిపిస్తే వదలలేం. పంటి వేరు మీద పగులు గీత, చిగురు కింద పొడుచుకొచ్చిన పాత ఫిల్లింగ్ అంచు, వేరు చీలిక వైపు నాలుకలా సాగిన ఎనామెల్, ఇవన్నీ ఈ కోవకే వస్తాయి.

గాయం అంచు

అసలు లాభం ఇక్కడే అని నా అభిప్రాయం.

చిగురు జారిన కోరపళ్లను మళ్లీ కప్పే సర్జరీ మీద బుర్ఖార్ట్, లాంగ్ అనే ఇద్దరు 2005లో ఒక ప్రయోగం ప్రచురించారు. పది మంది పేషెంట్లు. ఒక్కొక్కరికీ ఒక వైపు కోరపన్నుకు మైక్రోస్కోప్ కింద మైక్రోసర్జరీ, రెండో వైపు మామూలు పద్ధతి. తర్వాత రక్తంలోకి ఫ్లోరిసీన్ రంగు ఎక్కించి, కుట్టిన చోటికి రక్తప్రసరణ ఎంత తిరిగి వచ్చిందో కొలిచారు. మూడో రోజున మైక్రో వైపు 53.3 శాతం, మామూలు వైపు 44.5. ఏడో రోజుకి 84.8, 64. ఏడాది తర్వాత వేరు ఎంత మేర కప్పి ఉందంటే మైక్రో వైపు 98 శాతం, రెండో వైపు 89.9.

ఈ అంకెలు చూసి లూప్స్ కంపెనీ వాళ్లు ఎగిరి గంతేస్తారు. కొంచెం ఆగాలి. పది మంది చిన్న సంఖ్య. పైగా మైక్రో వైపు చూపుతో పాటు సాధనాలు, కుట్టే తీరు అన్నీ సన్నబడ్డాయి. కాబట్టి ఆ ఫలితం అంతా అద్దానిదే అనలేం. అందుకే మొదట్లోనే ఆ షరతు పెట్టాను. నా అనుభవంలో లోతైన పాకెట్లకు, అంటే పంటికీ చిగురుకీ మధ్య పడ్డ సందులకు, చేసే సాధారణ ఫ్లాప్ సర్జరీలో ఆర్నెల్ల తర్వాత ప్రోబ్ అంకెల్లో పెద్ద తేడా ఏమీ కనిపించదు. నొప్పి, వాపు తక్కువగా ఉంటాయి. అదే గ్రాఫ్ట్ (వేరే చోటి నుంచి తెచ్చి అతికే కణజాలం) పెట్టినప్పుడు, పళ్ల సందులో చిగురు మొనను కాపాడుతూ ఎముక పెంచే సర్జరీ చేసినప్పుడు తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. అక్కడ అంచు ఒక్క మిల్లీమీటరు విడిపోతే లోపల పెట్టిన గ్రాఫ్ట్ బయటపడి మొత్తం పనంతా పోతుంది.

దారం గురించి ఇంకో మంచి విషయం. అదే బుర్ఖార్ట్ బృందం 2008లో పంది దవడ కణజాలం మీద దారాలు లాగి చూసింది. 3-0 దారంతో గట్టిగా బిగిస్తే చిగురు చిరిగింది, దారం తెగలేదు. 7-0తో బిగిస్తే దారం తెగింది, చిగురు మిగిలింది. సర్జన్‌కి ఇంతకంటే మంచి కాపలా ఇంకేం కావాలి. మీరు తొందరలో ఎక్కువ లాగుతున్నారని దారమే తెగి చెబుతుంది. ఆ దారం ఎంత సన్నమంటే, మొన్నొక పెద్దావిడ అద్దంలో కుట్లు చూసుకుని 'ఇది పొందూరు నూలేటి బాబూ' అంది.

(పొందూరు ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వుతారని తెలుసుగా. పళ్ల డాక్టర్లం మనం, ఆ చేపను మాత్రం గౌరవించాలి.)

కుట్టేటప్పుడు చూడాల్సింది

సూది చిగురులోకి నిలువుగా, తొంభై డిగ్రీల్లో దిగాలి. ఏటవాలుగా దిగితే అంచు లోపలికి ముడుచుకుంటుంది. మామూలు కంటికి అది 'కలిసినట్టే' ఉంటుంది, మూడు రెట్లలో చూస్తే పైపొర లోపలికి దూరి కనిపిస్తుంది. చర్మం మీద చర్మం కూర్చుంటే అతకదు, మాంసం మాంసంతో కలవాలి. అంచు నుంచి సూది దిగే దూరం చిగురు మందానికి ఒకటిన్నర రెట్లు, అవతలి వైపు కూడా అంతే. కోసేటప్పుడు కూడా బ్లేడు నిలువుగానే ఉండాలి, అప్పుడే రెండు అంచులూ ఎదురెదురుగా నిలబడతాయి.

చేతి సంగతి. పెద్ద హోల్డర్‌ని పిడికిట్లో పట్టుకుని మణికట్టు తిప్పుతాం కదా, ఇక్కడ అది కుదరదు. పెన్నులా పట్టుకునే కాస్ట్రోవీజో హోల్డర్ కావాలి. చిటికెన వేలు, ఉంగరం వేలు పేషెంట్ గడ్డం మీదో పక్క పళ్ల మీదో ఆనించి వేళ్లతోనే సూది నడిపించాలి. చెయ్యి గాల్లో ఉంటే వణుకు కూడా మూడు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. మొదటిసారి చూసిన వాళ్లకి టెన్షన్ వచ్చేస్తుంది, నా చెయ్యి ఇంత వణుకుతోందా అని. ఆ వణుకు అందరిదీ, ఇంతకాలం కనిపించలేదంతే. వేళ్లు ఆనించండి, సర్జరీకి ముందు కాఫీ తగ్గించండి.

6-0తో మొదలుపెట్టండి, అలవాటయ్యాక 7-0. పాలీప్రొపిలిన్ దారం జారుతుంది, ముడి విప్పుకోవాలని చూస్తుంది, ఒక చుట్టు ఎక్కువ వెయ్యండి. ఇంకొకటి, అది కరగదు, మనమే తియ్యాలి. సీతంపేట కొండల నుంచి వచ్చిన పేషెంట్ పది రోజుల తర్వాత కుట్లు తీయించుకోవడానికి మళ్లీ బస్సెక్కి వస్తాడో రాడో ముందే అడగండి. అనుమానం ఉంటే కరిగే దారంలో 6-0 వాడండి. నేనైతే విజయనగరం పైడితల్లి సిరిమాను ఉత్సవం ముందు వారంలో గ్రాఫ్ట్ కేసులు పెట్టుకోను. ఆ రోజుల్లో విజయనగరంలో క్లినిక్‌కి రావడమే గగనం, పేషెంట్ పత్యం కూడా ఉండడు.

ప్రాక్టీస్ పేషెంట్ మీద మొదలెట్టకండి. గ్లవ్ ముక్కను అట్టకు బిగించి కోసి కుట్టండి, తర్వాత చర్మంతో ఉన్న కోడి తొడ తెచ్చుకోండి. మా ఇంట్లో దీని మీద కొంత చర్చ జరిగింది, వంటింట్లో చెయ్యొద్దని తేలింది.

ఎన్ని రెట్లు, ఏ రకం

రెట్లు పెరిగే కొద్దీ మూడు తగ్గుతాయి: కనిపించే విస్తీర్ణం, ఫోకస్ లోతు, వెలుతురు. 2.5 రెట్లలో నోటిలో చాలా భాగం కనిపిస్తుంది. 5, 6 రెట్లకి వెళ్తే రెండు మూడు పళ్లే, తల అంగుళం కదిపితే మసక. 2.5 నుంచి 3.5 మధ్య గెలీలియన్ రకం తేలికగా ఉంటుంది, మొదటి కొనుగోలుకి అదే చాలు. అంతకు పైన కెప్లర్ రకం, అంటే ప్రిజం లూప్స్, బొమ్మ బాగుంటుంది గానీ ముక్కు మీద బరువు, జేబు మీద ఇంకా బరువు. మీరు ఎక్కువగా గ్రాఫ్ట్‌లే చేస్తుంటే 3.5, స్కేలింగ్ నుంచి సర్జరీ దాకా అన్నింటికీ ఒకటే కావాలంటే 2.5.

హెడ్‌లైట్ లేకుండా మాత్రం తీసుకోకండి. చైర్ లైటు మీ తల నీడను సరిగ్గా పనిచేసే చోటే పారేస్తుంది. హెడ్‌లైట్ చూపు వెంటే వెళ్తుంది. బ్యాటరీతో నడిచేది కాబట్టి మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు కూడా మీకు వెలుతురు ఉంటుంది. వేసవి మధ్యాహ్నాల్లో దీని విలువ తెలుస్తుంది.

కళ్లజోడు ఉంటే పవర్ లోపలే బిగించి ఇస్తారు. అద్దంలోకే దించేసిన టీటీఎల్ రకం తేలిక, కానీ పవర్ మారితే కంపెనీకి తిరిగి పంపాలి, అన్ని రోజులూ మీరు లేకుండా ఉండాలి. పైకి ఎత్తుకునే ఫ్లిప్-అప్ రకం కొంచెం బరువు, సర్దుకోవచ్చు. పవర్ ఇంకా మారుతున్న వయసైతే రెండోదే మేలు.

అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట తలనొప్పి, కళ్లు లాగడం మామూలే. మొదట పరీక్షకీ స్కేలింగ్‌కీ పెట్టుకోండి, సర్జరీ తర్వాత. మీ అసిస్టెంట్‌కి కూడా నేర్పాలి. లూప్స్ పెట్టుకున్న మీకు ట్రే కనిపించదు, చెయ్యి చాపితే సాధనం సరైన దిశలో వేళ్ల మధ్యకి రావాలి. సూది ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి నోటితో చెప్పి ఇవ్వాలి, లేకపోతే ఎవరికో ఒకరికి గుచ్చుకుంటుంది. సక్షన్ టిప్ కూడా సన్నది తీసుకోండి. మూడు రెట్లలో ఒక్క రక్తపు బొట్టు చాలు, చెరువులా నిండిపోతుంది.

పేషెంట్లు ఏమనుకుంటారో అని బెంగ వద్దు. లూప్స్ పెట్టుకున్న కొత్తలో నెల్లిమర్ల నుంచి వచ్చిన ఒక మామ్మ గారు "ఏటి బాబూ, అప్పుడే కళ్లు ఆనటం నేదేటి" అని జాలిపడింది. ఇప్పుడు అవి పెట్టుకోకపోతే ఇవాళ అద్దాలు ఏవని అడుగుతున్నారు.

లూప్స్ కాపాడలేని కేసులు

పళ్ల సందుల్లో ఎముకే పోయిన చోట పూర్తిగా కప్పగలమని ఏ అద్దంతో చేసినా మాట ఇవ్వకండి. షుగర్ అదుపులో లేకపోతే ముందు అది చూడాలి. ఈ రెండూ మీకు తెలిసినవే, వదిలేస్తాను.

మన జిల్లాల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో. దీని మీద 1971లో వచ్చిన పెద్ద సర్వేలో 10,169 మంది గ్రామస్థుల్ని పరీక్షించారు, వాళ్లలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే. అలవాటు ఇప్పుడు తగ్గింది కానీ పోలేదు. గ్రాఫ్ట్‌కి మనం కణజాలం తీసేది అంగిలి నుంచి. వీళ్లకి నిప్పు సెగ తగిలేది సరిగ్గా అక్కడే. చుట్ట మానకుండా గ్రాఫ్ట్ పెడితే అతకదన్నది ఒక సంగతి. అంతకన్నా ముఖ్యమైనది, ఆ అంగిలిని లూప్స్‌తో ముందు పరీక్షించండి. తెల్లగా మందంగా మారిన పొర, దాని మధ్య ఎర్రటి చుక్కలు, ఎక్కడైనా చిన్న పుండు ఉందేమో చూడండి. భావనపాడు వైపు నుంచి ఒకామె పళ్లు కదులుతున్నాయని వచ్చింది. పైకి చూస్తే అంగిలి అంతా తెల్లబారి ఉంది, ఆ వయసు చుట్ట తాగేవాళ్లలో ఇది మామూలే అనిపిస్తుంది. లూప్స్‌లో చూస్తే తెల్లదనం మధ్యలో గింజంత ఎర్రటి చోటు, అంచు గట్టిగా ఉంది. పళ్ల సంగతి పక్కన పెట్టి ముందు బయాప్సీకి పంపించాను. లూప్స్ ఖర్చు దండగ అని ఎవరైనా అంటే నాకు గ్రాఫ్ట్‌లకన్నా ముందు ఆమె గుర్తొస్తుంది.

రెండోది ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల నుంచి వచ్చిన వాళ్లకి సర్జరీ ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా కత్తి పట్టకండి. కిడ్నీ జబ్బు ఉన్నా చాలామందికి బయటికి ఏమీ తెలియదు. సర్జరీ అయ్యాక అలవాటుగా డైక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌ రాసేస్తాం, అవి కిడ్నీకి ఇంకా చేటు. ఇక్కడ సన్న పని నిజంగా ఆదుకుంటుంది. కోత చిన్నది, అంచులు బాగా కలిశాయి అంటే నొప్పి తక్కువ. చాలా కేసుల్లో పారాసెటమాల్‌తోనే గడిచిపోతుంది.

మైక్రోస్కోప్ సంగతి

1921లో స్వీడన్‌లో నిలెన్ అనే చెవి డాక్టర్ మొదట సర్జరీకి మైక్రోస్కోప్ వాడారు. చిగుళ్ల సర్జరీలోకి అది గట్టిగా వచ్చింది 1990ల్లో, షానెలెక్, టిబెట్స్ వంటి వాళ్ల వల్ల. 4 నుంచి 25 రెట్ల దాకా మార్చుకోవచ్చు, వెలుతురు చూపు దారిలోనే పడుతుంది, మెడ నిటారుగా ఉంటుంది. కానీ చిగుళ్ల పనిలో కోణం ఊరికే మారుతుంది. ముందు పళ్ల దగ్గర హాయి, వెనక మోలార్ల నాలుక వైపు చుక్కలు చూపిస్తుంది. మీ క్లినిక్‌లో రూట్ కెనాల్ చేసే డాక్టర్ కూడా ఉండి ఇద్దరూ వాడుకుంటే ఖర్చు గిట్టుబాటవుతుంది. ఒక్క పెరియో కోసమే అయితే రెండేళ్లు లూప్స్‌తో 7-0 కుట్టాక ఆలోచించండి. మైక్రోసర్జరీ అన్న పేరు మైక్రోస్కోప్ ఉంటేనే అని పట్టుబట్టేవాళ్లు ఉన్నారు. పేరు వాళ్లకే వదిలేయండి.

చివరగా కొలతలు. కంపెనీ మనిషి డెమోకి వచ్చినప్పుడు షోరూం కుర్చీలో కాకుండా మీ స్టూల్ మీదే కూర్చోండి, చైర్‌లో ఎవరినైనా పడుకోబెట్టి నోరు తెరిపించండి. వీపు నిటారుగా, మెడ కొద్దిగా మాత్రమే వంచి, మీరు రోజూ పని చేసే ఎత్తులో ఉండగా కంటి నుంచి పంటికి దూరం కొలవమనండి. మనిషి ఎత్తుని బట్టి అది 35 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. కనుపాపల మధ్య దూరం, లెన్స్ కిందికి వంగే కోణం కూడా రాయించండి. ఆ కోణం చాలకపోతే చూపు అందక తలే వంచాల్సి వస్తుంది, ఇక మెడనొప్పి తగ్గుతుందని కొన్న అద్దాలే మెడనొప్పి తెస్తాయి. అతను "స్టాండర్డ్ సైజే సార్, అందరికీ సరిపోతుంది" అన్నాడంటే ఇంకో కంపెనీని పిలవండి.